రవిక ముక్కలూ రాతి స్తంభాలూ

ఏమ్మాయ్, ఇందాక వచ్చిన ఆ అట్టపెట్టెలో ఏముందేమిటి? పార్శిల్ కుర్రాడు మీ ఇల్లు తెలియక మా గేటు కొట్టాడులే, అందుకే అడుగుతున్నా. కుట్టుసామాను సర్దుకోవడానికి ప్లాస్టిక్ సొరుగులా! ఇరవై సొరుగులా! ఎక్కడ పెడతావే తల్లీ? ముందుగదిలో మీ ఆయన బండి, మధ్యగదిలో మంచం, మంచం పక్కన మిషను. ఇక మిగిలింది నీ నెత్తే.

నవ్వకు. నువ్వు గుంటూరు నుంచి ఈ ఊరికొచ్చి ఇంకా ఏడాది నిండలేదు కాబట్టి చెప్తున్నా. మన ఈ అరుప్పుకోట్టై అనగానే బయటివాళ్లకు ఎంజీఆర్ గుర్తొస్తాడు, 1977లో ఇక్కడినుంచే గెలిచి ముఖ్యమంత్రి అయ్యాడని. మాకు మాత్రం ఇది నేతగాళ్ల ఊరు. పాత వీధుల్లో ఇళ్లు చూడు, వెడల్పు తక్కువ, పొడుగెక్కువ. ఒకప్పుడు ముందుగది మగ్గానిది. మనుషులు దాని పక్కన ఒదిగి బతికారు. నాడెలు, కండెలు, రాట్నం, ఆరేసిన నూలు అన్నీ ఆ ఒక్క గదిలోనే. అయినా దీపం లేకుండా చెయ్యి చాపితే కండె చేతికొచ్చేది. తర్వాత మరమగ్గాలొచ్చి షెడ్లలోకి వెళ్లిపోయాయి. మగ్గం ఖాళీ చేసిన చోట చాలా ఇళ్లలో కుట్టుమిషను వచ్చి కూర్చుంది. ఇల్లు మాత్రం అదే ఇల్లు, ఒక్క అంగుళం పెరగలేదు.

చిన్నచోట సామాను ఎలా పెట్టుకోవాలో చూడాలంటే మధురై వెళ్లి ఉండాల్సింది. మీనాక్షి గుడి తూర్పు గోపురానికి ఎదురుగా పుదుమండపం ఉంది, చూశావుగా? తిరుమల నాయకుడు కట్టించింది. మనవాడేలే, తెలుగు నాయక రాజు. పదిహేడో శతాబ్దంలో స్వామివారి వసంతోత్సవానికని వందకు పైగా రాతి స్తంభాలతో కట్టించాడు. ఆ స్తంభాల మధ్య ఎన్నో ఏళ్లపాటు దర్జీలు మిషన్లు పెట్టుకుని కుట్టారు. దేవుడి బట్టలు, తేరుకు కట్టే అలంకారాలు, చిత్తిరై తిరునాళ్లలో కళ్లళగర్ స్వామి వేషం కట్టేవాళ్ల దుస్తులు, వాటితోపాటు మామూలు జాకెట్లు, లంగాలు కూడా. ముస్లిం దర్జీలు కూడా అక్కడే కూర్చుని అళగర్ ఉత్సవానికి కుట్టేవాళ్లు. పక్కనే దారాలు, లేసులు, జరీ అంచులు అమ్మే కొట్లు. ఈమధ్య కొన్నేళ్ల కిందట ఆ కొట్లన్నిటినీ దగ్గర్లోని కున్నత్తూరు సత్రంలోకి మార్చారు. మండపానికి అది మంచిదే. రాతిబొమ్మలకు మేకులు కొట్టి తాళ్లు కట్టడం ఎన్నాళ్లు చూస్తాం?

మండపంలో ఉన్నప్పటి ఆ దర్జీల పద్ధతి మాత్రం చూసి ఉండాల్సింది. ఒక్కొక్కరికి ఉన్న చోటు రెండు స్తంభాల మధ్య సందు. కుట్టేవాడు స్టూలు మీదనుంచి లేచేవాడు కాదు. కుడిచేతి పక్కన కత్తెర, టేపు మెళ్లో, చాక్ ముక్క మిషను బల్ల అంచున, కత్తిరించిన ముక్కలు ఎడమవైపు మూటలో, కుట్టేసినవి నెత్తిమీద తాడుకు. తలెత్తితే రాతి యాళి బొమ్మ, తలదించితే సూది. లేవకుండా ఏది అందుతుందో అదే అతని సామాను. అందనిది అంటూ ఒకటి ఉంటే అది కొట్టులో ఉన్నట్టు లెక్క, కావలసినప్పుడు పక్కకెళ్లి కొనుక్కొచ్చేవాడు.

కాబట్టి నువ్వు ఆ సొరుగుల పెట్టె విప్పకముందే ఒక పని చెయ్. మిషను ముందు కూర్చుని రెండు చేతులూ చాపు. ఎంతదాకా అందుతుందో అంతమేరా రోజూ వాడేవి. కత్తెర, టేపు, చాక్, తెలుపు నలుపు దారాలు, చుట్టి పెట్టుకున్న బాబిన్లు, కుట్లు ఊడదీసే పుల్ల, అంతే. ఇవి మిషను సొరుగులో పట్టేస్తాయి. లేచి ఒక అడుగు వేస్తే అందేచోట వారానికోసారి వాడేవి, అంటే హుక్కులు, ఫాల్స్, లైనింగ్ ముక్కలు, నాడాలు. పాపకు గౌను కుడదామని కొన్న లేసు, పెళ్లప్పుడు మిగిలిన జరీ అంచు, జిప్పులు అటకమీదకు పంపించెయ్. నేల మీద మాత్రం ఏదీ పెట్టకు. చిన్న ఇంట్లో నేల నడవడానికే చాలదు. గోడలున్నాయి, తలుపు వెనక కొక్కెం ఉంది, కిటికీ చువ్వలున్నాయి, మిషను కింద పెడలుకు ఇటూ అటూ జానెడు జాగా ఉంది. అదంతా వాడుకో.

ఏమంటున్నావు? వాడేవి తక్కువే, కానీ గుడ్డముక్కలే ఎక్కువా? అలా చెప్పు మరి! సొరుగులు కొన్నది దారాల కోసం కాదన్నమాట, రవిక ముక్కల కోసం.

మన ఇళ్లలో ఆ రవిక ముక్క ఉంది చూడు, దానికి చావు లేదు. నోముకు వెళ్తే పసుపు కుంకుమతో ఒకటి, సీమంతానికి ఒకటి, గృహప్రవేశానికి ఒకటి, వరలక్ష్మీ వ్రతంనాడు అయితే చెప్పనే అక్కర్లేదు, నాలుగిళ్లకు వెళ్తే నాలుగు. ఇక్కడి తమిళవాళ్లూ తాంబూలంలో పెడతారు. అందులో కుట్టించుకోవడానికి పనికొచ్చేవి ఎన్ని? పచ్చరంగు ఒకటి, అది ఏ చీరకూ కలవదు. గులాబీ ఒకటి, ఉతికితే బకెట్ నీళ్లన్నీ గులాబీ. మూడోది చేతికి కూడా పొడవు చాలదు, ఎనభై సెంటీమీటర్లని చీటీ మీద ఉంటుంది, కొలిస్తే ఓ వేలు తక్కువ. మనం ఏం చేస్తాం? మడిచి ట్రంకు పెట్టెలో పెట్టి, ఎవరైనా పేరంటానికి వస్తే అదే తీసి బొట్టు పెట్టి ఇస్తాం. ఆవిడ ఇంకొకరికి. మా పెదమ్మ ఒకావిడకు పెట్టిన నీలం ముక్క, అంచున పసుపు మరకతో సహా, తిరిగి తిరిగి మా ఇంటికే వచ్చింది. తెచ్చినావిడ చీటీ కూడా మార్చలేదు. ఎవరి చేతులు మారి వచ్చిందా అని ఆరా తీద్దామనుకున్నా. సోదికెళ్తే పాత రంకులు బయటపడ్డాయన్న సామెత గుర్తొచ్చి ఊరుకున్నా. మనం తిప్పినవి కూడా బయటకొస్తాయిగా!

అందుకని సర్దడం రవిక ముక్కల దగ్గరే మొదలుపెట్టాలని నా మాట. అన్నీ మంచం మీద పొయ్యి. పొయ్యగానే నీకే తెలుస్తుంది. ఏ చీరకు ఏది అని గుర్తున్నవి ఆ చీర మడతలోనే పెట్టెయ్, వాటికి వేరే డబ్బా అక్కర్లేదు. లైనింగుకు పనికొచ్చే నూలు ముక్కలు వేరే తీసి ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేసి మడువు. ఫాల్స్ కూడా అంతే. నూలుది నానబెట్టకుండా కుడితే మొదటి ఉతుక్కే ముడుచుకుపోయి చీర అంచు గుర్రపుడెక్కలా వంగుతుంది. ఎప్పుడూ నానబెట్టినవే పెట్టెలో ఉంటే తొందరపడే రోజున ఆ పని తప్పుతుంది. జానెడు కన్నా చిన్న ముక్కలుంటే బొంతకు. మెత్తటి పాత చీర లోపల పెట్టి ఆ ముక్కలు పైన అతికి కుడితే మీ పాపకు చలికాలం పనికొస్తుంది, మాకు ఇక్కడ చలికాలం అని ఏమీ ఉండదనుకో. వేలంత ముక్కలు మసిగుడ్డలకు. ఇక మిగిలిన పట్టు పీచులూ జరీ ముక్కలూ ‘ఎప్పుడైనా పనికొస్తాయి’ అని దాచకు. ఆ ‘ఎప్పుడైనా’ వచ్చేసరికి జరీ నల్లబడిపోతుంది.

ఇంకొకటి. నువ్వు పక్కింటి వాళ్లవి కూడా కుట్టడం మొదలుపెట్టావు కదా, మొన్న విన్నాలే. దానికి అసలు సూత్రం చెప్తా విను. సామాను రకాలవారీగా సర్దమని ఎవరైనా చెబితే వినకు. దారాలన్నీ ఒకచోట, హుక్కులన్నీ ఒకచోట, గుడ్డలన్నీ ఒకచోట అంటారు. కొట్టువాడికి అది సరే, కుట్టేవాళ్లకు కాదు. కుట్టేవాళ్లకు పనివారీగా ఉండాలి. ఒక జాకెట్టు ఒప్పుకున్నావనుకో. ఆ రవిక గుడ్డ, దానికి సరిపోయే లైనింగ్, ఆ రంగు దారం రీలు, అదే దారం చుట్టిన బాబిన్, హుక్కులు, వాళ్లిచ్చిన ఆది జాకెట్టు, కొలతల చీటీ, అన్నీ ఒకే సంచిలో వెయ్. చీటీ మీద పేరూ, ఇవ్వాల్సిన తేదీ, మెడ ఎంత లోతు, చేతి పొడవు, వెనక తాళ్లు కావాలా వద్దా, అన్నీ వాళ్ల ముందే రాసుకో. గుడ్డలో ఓ చిన్న ముక్క కత్తిరించి చీటీకి గుండుసూదితో గుచ్చు, అప్పుడు సంచి విప్పకుండానే ఏది ఎవరిదో తెలుస్తుంది. సంచులన్నీ తలుపు వెనక కొక్కేలకు తేదీ వరుసలో వేలాడదియ్యి. దీపావళికీ, పొంగల్‌కీ, ఇక్కడ విరుదునగర్ మారియమ్మ పంగుని పొంగల్‌కీ జనం విరుచుకుపడతారు, అప్పుడు చూడు దాని మహిమ. ఆది జాకెట్టు పోయిందంటే మాత్రం ఇక ఆ ఇంటివాళ్లు జన్మలో మాట్లాడరు. కొత్తది కుట్టిచ్చినా సరే, ఆ పాతదే కావాలంటారు. దానిమీదే వాళ్ల ఒళ్లు ఆనవాలు పడిందట.

హుక్కులకా? నీ పోపుల పెట్టె పాతది ఒకటి పడి ఉందన్నావు, అడుగు సొట్టపడిందని. అది చాలు. ఏడు గిన్నెలు. హుక్కులు ఒకదానిలో, వాటి కన్నాలు ఇంకోదానిలో, టిచ్ బటన్‌లు, చొక్కా గుండీలు, పిన్నీసులు, గుండుసూదులు, పూసలు. మూత తీస్తే అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. పోపు వేసేటప్పుడు ఆవాలు ఎక్కడున్నాయో చూడక్కర్లేదు కదా, చెయ్యే వెళ్తుంది. ఇదీ అంతే. ఇంకా చిన్నచిన్నవి ఉంటే అగ్గిపెట్టెలు. మన చుట్టూ కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి అన్నీ అగ్గిపెట్టెల ఊళ్లే కదా, వాటికి కరువా? ఖాళీ పెట్టెలు ఒకదానిమీద ఒకటి జిగురుతో అతికిస్తే బుల్లి సొరుగులు. ముందువైపు ఒక గుండీ కుట్టు, అది లాగడానికి పిడి, లోపలేముందో చెప్పడానికి గుర్తు కూడా. సాత్తూరు కారాసేవు వచ్చే ప్లాస్టిక్ సీసాలున్నాయే, వాటిని బాగా కడిగి ఎండబెట్టి ఫాల్స్ చుట్టలకు వాడుకో. నూనె జిడ్డు మాత్రం ఉండకూడదు, తెల్ల ఫాల్ మీద మరక పడితే పోదు. నేనైతే లోపల కనిపించని డబ్బా దేన్నీ కుట్టుసామానుకు ఒప్పుకోను. బిస్కెట్ల రేకుడబ్బా అందంగానే ఉంటుంది. ప్రపంచంలో ఏ దేశంలో చూసినా ఆ నీలం రేకుడబ్బా తెరిస్తే బిస్కెట్లు ఉండవు, దారాలూ సూదులే ఉంటాయిట! కానీ అందులో వేసినవన్నీ ఒకదానికొకటి చిక్కుపడి ఒక్క ముద్దగా బయటికొస్తాయి.

సూదుల సంగతి మరిచిపోకు. ఇంటి మిషను సూదికి ఒకవైపు చదునుగా ఉంటుంది, పెద్ద మిషన్లవి గుండ్రంగా ఉంటాయి, రెండూ కలిపి పెడితే కరెంటు పోయినప్పుడు తప్పు సూది బిగించి దారం తెగుతోందని మిషన్ను తిడతావు. నంబర్లు వేరువేరుగా ఉంచు. పల్చటి పట్టుకు, జార్జెట్‌కు 11, మామూలు నూలు జాకెట్లకు 14, ప్యాంటు గుడ్డకు 16. వాడి తీసిన సూదిని మళ్లీ ఆ చీటీలోనే గుచ్చకు, కొత్తదో పాతదో తెలియదు. దానికో గుడ్డముక్క వేరే పెట్టు. సూదులు గుచ్చే చిన్న దిండు ఉంటుందే, అందులో దూది బదులు మా అమ్మ రాలిన తలవెంట్రుకలు కూరేది. వెంట్రుకలకుండే నూనెతో సూది తుప్పు పట్టదని. నువ్వు ముక్కు చిట్లించకు, గుడ్డ లోపల ఉంటుందిలే, కనిపించదు. ఇక్కడి ఐప్పసి, కార్తీక మాసాల్లో ముసురు పట్టినప్పుడు చూడు తేడా. విరిగిన సూదుల్ని మాత్రం చెత్తబుట్టలో వెయ్యకు. పాత మాత్రల సీసాలో వేసి మూతపెట్టు. చెత్త ఎత్తే ఆమె చేత్తో ఎత్తుతుంది, ఆవులు అందులోనే మూతి పెడతాయి.

ఆఁ, చెప్పడం మర్చిపోయా, దీపాలు పెట్టాక సూది అప్పు అడగడానికి ఈ గోడ దగ్గరికి రాకు. ఉప్పు, సూది సందెవేళ ఇవ్వను. అర్ధరాత్రి అయినా కత్తెర అడుగు, ఇస్తాను, కానీ దానితో కాగితం కొయ్యనని ఒట్టు వెయ్యాలి. మీరట్ కత్తెర అది, పదునంతా గుడ్డకే. మీరట్ కత్తెరలకు 2013లో భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. కాగితాలకు, పాలప్యాకెట్లకు వేరే చిన్న కత్తెర పెట్టుకో. రెంటికీ వేరువేరు రంగు రిబ్బన్లు కడితే మీ ఆయనక్కూడా తెలుస్తుంది.

దారాలు కిటికీ గూట్లో వరసగా పెట్టావు, బయటికి అందంగా కనిపిస్తోంది, నిజమే. కానీ ఈ ఊరి ఎండ నీకు తెలియదు. నూలుదారం ఎండకు రంగు వెలిసి, పీచుబారి, చివరికి చేత్తో లాగితే తెగుతుంది. కుట్టేముందు ప్రతి రీలునూ జానెడు లాగి తెంపి చూడు, గట్టిగా ఉంటేనే వాడు. మన పక్క దారానికి పుట్టిల్లే అనుకో. హార్వీ సోదరులు 1880లలో పాపనాశం దగ్గర తామ్రపర్ణి నీటి వేగంతో మిల్లు తిప్పారు, తర్వాత తూత్తుకుడిలో, మధురైలో. 1974లో ఆ మిల్లుల కంపెనీ స్కాట్లండ్ కోట్స్ కంపెనీతో కలిసి మదురా కోట్స్ అయింది. మీ గుంటూరు దర్జీ మిషను మీదున్న రీలు కూడా వాళ్లదే అయి ఉంటుంది, అడుగు చీటీ చూడు. రీళ్లను ఓ సన్నటి ఇనుపచువ్వకు గుచ్చి తలుపు వెనక నీడలో అడ్డంగా తగిలించు. చివర్లు వేలాడకుండా రీలు అంచున ఉండే నొక్కులో ఇరికించు. బాబిన్‌కూ రీలుకూ కలిపి ఒక రబ్బరుబ్యాండు. ఒకే ఎరుపులో ఎన్ని ఎరుపులుంటాయో కుట్టేవాళ్లకే తెలుసు, తప్పు బాబిన్ పడితే లోపలి కుట్టు ఒక రంగు, పైకుట్టు ఒక రంగు.

ఈ గొడవంతా వదిలించుకున్నవాడు లోకంలో ఒక్కడే, గాంధీగారు. ఆయనా మన మధురైలోనే! 1921 సెప్టెంబరు 22న పశ్చిమ మాసి వీధిలో బస చేసి, అక్కడే చొక్కా, టోపీ వదిలేసి మోకాళ్లదాకా పంచె ఒక్కటే కట్టుకున్నారు. గుండీ లేదు, కాజా లేదు, హుక్కు లేదు. యంత్రాల మోజును ఎంత తప్పుపట్టినా ఆయన సింగర్ కుట్టుమిషను జోలికి మాత్రం వెళ్లలేదు. భార్య చేత్తో కుట్టలేక పడే అవస్థ చూసి సింగర్ దాన్ని తయారుచేశాడని, ప్రేమతో పుట్టిన యంత్రమని మెచ్చుకున్నారు. మనకు మిషనూ కావాలి, జాకెట్టూ కావాలి, కాబట్టి హుక్కులు లెక్కపెట్టుకోక తప్పదు.

అసలు ఈ వీధిలో ఎందరికి మిషన్లున్నాయో చూడు. కొన్నవి కొన్ని, పుట్టింటివాళ్లు పెట్టినవి కొన్ని. సత్యవాణిముత్తు అమ్మైయార్ పేరున ప్రభుత్వం వితంతువులకు, భర్త వదిలేసినవాళ్లకు, పేద ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే మిషన్లు కూడా ఉన్నాయి. మిషను ప్రభుత్వం ఇస్తుంది, దాన్ని పెట్టుకునే చోటు ఇవ్వదు, నేర్చుకునేందుకు గుడ్డా ఇవ్వదు. కుట్టు నేర్చుకునే పిల్లలు మొదట కాగితం మీద సూది నడుపుతారు, తర్వాత ఎవరిదో పాత పంచె మీద. కొత్త గుడ్డ కత్తిరించాలంటే వాళ్లకు చెయ్యి వణుకుతుంది, పాడైతే డబ్బులు ఎవరిస్తారని.

అందుకే చెప్తున్నా, నీ పెట్టెలో ఏ చీరకూ కలవని ఆ ఆకుపచ్చవీ, గులాబీవీ, వేలు తక్కువైనవీ ఉన్నాయే, వాటిని మళ్లీ బొట్టుపెట్టి ఇంకొకళ్ల నెత్తిన వెయ్యకు. మూటగట్టి ఇలా గోడ మీద పెట్టు, నావి కూడా కలిపి మన వీధి చివర కుట్టు నేర్పే ఆమెకు ఇచ్చేద్దాం. జాకెట్టు వెనక భాగం కత్తిరించడం నేర్చుకోవడానికి ఎనభై సెంటీమీటర్లు కాదు, డెబ్బై ఉన్నా చాలు.